ఆ సెలైన్‌లో మందు కలిపిందెవరు?

ఆస్పత్రిలో మంచం పక్కన సెలైన్ బ్యాగ్ వేలాడుతుంటుంది. చుక్క చుక్కగా మందు ఒంట్లోకి దిగుతుంటుంది. మందు రాసింది డాక్టరు, సూది పెట్టింది నర్సు. వాళ్లిద్దర్నీ మనం చూస్తాం, దండం పెడతాం. మరి ఆ బ్యాగ్‌లో మందు కలిపిందెవరు? ఎక్కడ కలిపారు? కొలత సరిగ్గా ఉందని ఎవరు చూశారు? చాలామందికి ఈ ప్రశ్నే తట్టదు.

అమెరికా ఆస్పత్రుల్లో ఈ పని ఎక్కువగా ఫార్మసీ టెక్నీషియన్లది. వాళ్లు కలుపుతారు, ఫార్మసిస్టు సరిచూసి పంపుతారు. రోగి ముఖం వాళ్లకు తెలీదు. వాళ్ల ముఖం రోగికి తెలీదు. మాస్కు, టోపీ, గౌను వేసుకుని ఒక మూసిన గదిలో షిఫ్టు మొత్తం గడిచిపోతుంది. ఈ పనికి 'స్టెరైల్ కాంపౌండింగ్' అని పేరు. ఇందులో తప్పు జరిగితే కంటికి కనిపించదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మన కాంపౌండర్ గుర్తున్నాడా?

ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి. ఆ రోజుల్లో డాక్టరు గారి పక్కన కాంపౌండర్ ఉండేవాడు. చీటీ చూసి ఎర్ర మందు కలిపి సీసాలో పోసేవాడు. ఏ పూటకి ఎంత తాగాలో తెలిసేలా సీసాకి కాగితం పట్టీ అంటించేవాడు. కాంపౌండింగ్ అంటే అదే, మందు కలపడం.

ఇప్పుడు మందులన్నీ ఫ్యాక్టరీలోనే తయారవుతున్నాయి కదా, ఇంకా కలపడం ఎందుకు అంటారా? అన్నీ రెడీమేడ్‌గా దొరకవు. కొన్ని యాంటీబయాటిక్స్ పొడి రూపంలోనే వస్తాయి, వాడేముందు కరిగించాలి. కీమోథెరపీ డోసు మనిషి ఎత్తు, బరువుని బట్టి మారిపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పాలు అరిగించుకోలేకపోతే గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు, ఖనిజాలు అన్నీ నరం ద్వారానే ఇవ్వాలి. ఆ బ్యాగ్‌లో ఏది ఎంత ఉండాలో ఆ రోజు రక్తపరీక్ష చూసి నిర్ణయిస్తారు. అలాంటిది ఏ షాపులోనూ దొరకదు.

సీసా మందుకీ దీనికీ తేడా ఒక్కటే, కానీ చాలా పెద్దది. నోట్లో వేసుకున్న మాత్ర కడుపులోని ఆమ్లాన్ని, పేగుల్ని, కాలేయాన్ని దాటుకుని రక్తంలోకి చేరుతుంది. దారిలో శరీరానికి కాపలాదారులు ఉంటారు. నరంలోకి ఎక్కించే మందుకి ఆ కాపలా ఏదీ లేదు. మందుతో పాటు నాలుగు సూక్ష్మక్రిములు వెళ్తే అవీ నేరుగా రక్తంలోకే. పైగా ఆ మంచం మీద ఉన్నది కీమోతో తెల్ల రక్తకణాలు పడిపోయిన మనిషో, కిలో బరువు కూడా లేని పసిబిడ్డో అయివుంటారు.

మడి కట్టుకుంటేనే లోపలికి

క్లీన్‌రూమ్‌లోకి వెళ్లే పద్ధతి చూస్తే మడి కట్టుకున్న నాయనమ్మ గుర్తొస్తుంది. ముందు గదిలోనే ఫోన్, ఇయర్‌బడ్స్ వదిలేయాలి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. కాటుక, మేకప్ ఉండకూడదు. నెయిల్ పాలిష్, పెట్టుడు గోళ్లు అసలు కుదరవు. ఒంటి మీద దద్దుర్లు, చీము పట్టిన పుండు, కళ్లకలక, జలుబు, దగ్గు ఉంటే ముందే చెప్పాలి. కొత్తగా టాటూ వేయించుకున్నా చెప్పాలి. పొట్టు రేగే చర్మంతో లోపలికి వెళ్లకూడదు మరి.

తర్వాత తలకు టోపీ, ముఖానికి మాస్కు, కాళ్లకు తొడుగులు. గోళ్ల కింద శుభ్రం చేసుకుని, మోచేతుల దాకా కనీసం 30 సెకన్లు సబ్బుతో కడగాలి. ఆపైన చేతికి ఆల్కహాల్, పీచు రాలని గౌను, చివరగా స్టెరైల్ గ్లవ్స్. మధ్యలో ముక్కు దురద పెట్టిందని గోక్కున్నారా, ఆ గ్లవ్స్ ఇక పనికిరావు.

ఇంత చాదస్తం ఎందుకంటే, ఆ గదిలోకి మురికిని మోసుకొచ్చేది ప్రధానంగా మనిషే. మన చర్మం నుంచి కణాలు ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి. మాట్లాడితే తుంపర్లు పడతాయి.

మామూలు గది గాలిలో ఒక ఘనపు మీటరుకి అర మైక్రాన్, అంతకంటే పెద్ద కణాలు సుమారు 3 కోట్ల 52 లక్షలు ఉంటాయని లెక్క. టెక్నీషియన్ మందు కలిపే చోట అవి 3,520 దాటకూడదు. అంటే పదివేల వంతులో ఒక వంతు!

గాలికి అడ్డు పెట్టకు

ఆ శుభ్రమైన చోటు ఒక అల్మారాలా ఉంటుంది. దాన్ని 'హుడ్' అంటారు. వెనక నుంచో పై నుంచో హెపా ఫిల్టర్ గుండా గాలి ఒకే వేగంతో, ఒకే దిశలో వస్తుంటుంది. ఈ ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాల్లో కూడా 99.97 శాతాన్ని ఆపేస్తుంది.

ఫిల్టర్ దాటగానే మొదట తగిలే గాలిని 'ఫస్ట్ ఎయిర్' అంటారు. సూది, సిరంజి మొన, మందు సీసా రబ్బరు మూత ఎప్పుడూ ఆ గాలిలోనే ఉండాలి. ఫిల్టర్‌కీ సూదికీ మధ్యలో చెయ్యి అడ్డం వచ్చిందంటే సూదికి తగిలేది చేతిని తాకి వచ్చిన గాలి. అందుకే కొత్తగా చేరినవాళ్లు మొదట నేర్చుకునేది వేళ్లు ఎలా పెట్టుకోవాలన్నదే. అన్నీ హుడ్ అంచు నుంచి కనీసం 6 అంగుళాలు లోపలే జరగాలి. చేతులు గబగబా ఆడించకూడదు.

మిగతావి చూడ్డానికి చిన్న విషయాలు. రబ్బరు మూతని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, అది ఆరేదాకా ఆగాలి. 70 శాతమే ఎందుకు, 100 పెడితే ఇంకా మంచిది కదా? కాదు. అందులో ఉన్న నీరు ఆల్కహాల్ వెంటనే ఆవిరైపోకుండా ఆపుతుంది, క్రిమి లోపలి ప్రొటీన్లను దెబ్బతీయడానికి సాయపడుతుంది. సూదిని రబ్బరులోకి సరైన కోణంలో దింపకపోతే చిన్న రబ్బరు ముక్క తెగి మందులో పడొచ్చు. గాజు ఆంపూల్ విరిచాక ఫిల్టర్ సూదితోనే మందు లాగాలి, గాజు నలుసు రాకుండా.

ఇందులో ఒక్కటి కూడా కష్టమైన పని కాదు. కష్టం ఎక్కడంటే, షిఫ్టులో మొదటి బ్యాగ్‌కి చేసినట్టే చివరి బ్యాగ్‌కీ చేయడం. పై నుంచి ఫోన్లు వస్తుంటాయి. ఐసీయూ వాళ్లు 'మందు ఇంకా రాలేదేం' అని అడుగుతుంటారు. అప్పుడు కూడా ఆల్కహాల్ ఆరేదాకా ఆగాలి.

0.9కీ 23.4కీ మధ్య ఒక పాప

శుభ్రత సగమే. మిగతా సగం లెక్క.

ఎమిలీ జెర్రీ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టింది. ఏడాదిన్నర వయసులో పొట్టలో కణితి బయటపడింది. ఆపరేషన్, కీమో అయ్యాక స్కాన్‌లో కణితి జాడ లేదు. మళ్లీ రాకుండా ముందుజాగ్రత్తగా చివరి విడత కీమో ఇద్దామన్నారు. ఆ మందుని 0.9 శాతం ఉప్పు ద్రావణంలో, అంటే మామూలు సెలైన్‌లో కలపాలి. ఆ రోజు టెక్నీషియన్ 23.4 శాతం ఉన్న గాఢ ద్రావణాన్ని వాడేసింది. 26 రెట్లు ఎక్కువ ఉప్పు. సరిచూడాల్సిన ఫార్మసిస్టు కూడా పట్టుకోలేదు. రెండేళ్ల ఎమిలీ 2006 మార్చి 1న చనిపోయింది.

రెండు ద్రావణాలూ నీళ్లలాగే ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు. కలిపేశాక చూసి కనిపెట్టడం ఎవరి వల్లా కాదు. కలిపే క్షణంలో లేబుల్ చదవాల్సిందే.

ఆ ఫార్మసిస్టు లైసెన్సు పోయింది, 2009లో ఆరు నెలల జైలు శిక్ష పడింది. ఈ కేసు బయటపెట్టిన ఇంకో సంగతి జనాన్ని ఎక్కువ కలవరపెట్టింది. అప్పట్లో ఒహాయోలో ఫార్మసీ టెక్నీషియన్‌గా చేరడానికి ఇంత శిక్షణ ఉండాలన్న నిబంధనే లేదు! ప్రాణం తీయగల మందులు కలిపే చేతికి ఒక్క పరీక్ష కూడా పెట్టలేదు. ఎమిలీ తల్లిదండ్రుల పోరాటంతో 2009లో 'ఎమిలీస్ లా' వచ్చింది. టెక్నీషియన్లకి పరీక్ష, నేర చరిత్ర తనిఖీ తప్పనిసరి అయ్యాయి. తండ్రి క్రిస్ జెర్రీ తర్వాత ఆ ఫార్మసిస్టుని క్షమించానని బహిరంగంగానే చెప్పాడు. ఒక మనిషిని జైల్లో పెట్టినంత మాత్రాన రేపటి తప్పు ఆగదని, పని జరిగే తీరు మారాలని ఆస్పత్రుల చుట్టూ తిరిగి చెబుతూ వచ్చాడు.

ఆ తీరు ఇప్పుడు చాలాచోట్ల మారింది. మందు సీసా బార్‌కోడ్ స్కాన్ చేస్తేనే కంప్యూటర్ ముందుకు వెళ్లనిస్తుంది. ప్రతి దశకీ కెమెరా ఫొటో తీస్తుంది. కొన్నిచోట్ల త్రాసు మీద పెట్టి బరువుతో కూడా సరిచూస్తారు. దశాంశం రాయడానికీ నియమం ఉంది. అర మిల్లీగ్రాముని '.5' అని రాయకూడదు, '0.5' అనే రాయాలి. చుక్క కనపడకపోతే అర కాస్తా అయిదు అయిపోతుంది. అలాగే అయిదుని '5.0' అని రాయకూడదు, అది యాభై అయిపోగలదు.

చేతికే పరీక్ష

'నేను శుభ్రంగానే చేశాను' అంటే ఇక్కడ చెల్లదు. రుజువు కావాలి.

గ్లవ్స్ తొడుక్కున్నాక వేలి కొసల్ని క్రిములు పెరిగే పోషక పదార్థం మీద అద్దిస్తారు. కొన్ని రోజులు వెచ్చగా ఉంచి చూస్తారు. కొత్తగా చేరినవాళ్లు వరసగా మూడుసార్లు సున్నా తెచ్చుకోవాలి. ఒక్క క్రిమి మచ్చ లేచినా మళ్లీ మొదటికే.

ఇంకోటి 'మీడియా ఫిల్' పరీక్ష. అసలు మందు బదులు క్రిములకు ఇష్టమైన సోయా ద్రవం ఇచ్చి, మామూలుగా మందు కలిపినట్టే కలపమంటారు. 14 రోజులు ఆగుతారు. ద్రవం తేటగా ఉంటే పాస్. మబ్బు పట్టినట్టు అయిందంటే ఆ చేతి నుంచి ఏదో జారి పడినట్టే. అనుభవం పదేళ్లున్నా ఇరవై ఏళ్లున్నా ఈ పరీక్ష ఆరు నెలలకోసారి రాయాల్సిందే.

ఈ నియమాలన్నీ 'యూఎస్‌పీ 797' అనే ప్రమాణంలో ఉంటాయి. 2004లో మొదలైంది, తాజా సవరణ 2023 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కలిపిన మందు ఎంతసేపు వాడొచ్చో కూడా అదే చెబుతుంది. పూర్తి క్లీన్‌రూమ్ లేకుండా కలిపితే బయట 12 గంటలు, ఫ్రిజ్‌లో 24 గంటలు మించకూడదు. మందు పాడవుతుందని మాత్రమే ఈ గడువు పెట్టలేదు. ఒక్క క్రిమి దూరినా అది లక్షలుగా పెరిగేలోపే మందు వాడేయాలన్నది లెక్క.

బూజు పట్టిన ఇంజెక్షన్

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మనకు తెలుసు. ఆ రోజు ఏమీ కనపడదు. పది రోజుల తర్వాత బూజు. జాడీలో అయితే బూజు కనపడుతుంది, పారబోస్తాం. ఇంజెక్షన్ సీసాలో అయితే?

2012లో అమెరికాలో అదే జరిగింది. మసాచుసెట్స్ రాష్ట్రం ఫ్రేమింగ్‌హామ్‌లోని న్యూ ఇంగ్లాండ్ కాంపౌండింగ్ సెంటర్ నడుము నొప్పికి వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కలిపి దేశమంతా పంపేది. ఆ ఏడాది మూడు బ్యాచ్‌లలో బూజు చేరింది. సుమారు 17 వేల సీసాలు 23 రాష్ట్రాలకు వెళ్లిపోయాయి. నడుము నొప్పి తగ్గుతుందని ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లకి మెదడు పొరల వాపు వచ్చింది. సెప్టెంబరులో టెనెసీలో ఒక డాక్టరు ఒక రోగి వెన్ను ద్రవంలో ఫంగస్ చూసి అనుమానంతో ఆరోగ్య శాఖకు చెప్పడంతో విషయం బయటికొచ్చింది. అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 20 రాష్ట్రాల్లో 753 మంది జబ్బుపడ్డారు, 64 మంది చనిపోయారు.

కోర్టు విచారణలో బయటపడినవి వింటే ఒళ్లు మండుతుంది. క్లీన్‌రూమ్ శుభ్రం చేసినట్టు రికార్డులు దొంగగా నింపారు. పరీక్ష ఫలితాలు రాకముందే మందులు పంపేశారు. సంస్థ యజమాని బారీ కాడెన్‌కి 2017లో తొమ్మిదేళ్ల జైలు శిక్ష పడింది, 2021లో దాన్ని పద్నాలుగున్నర ఏళ్లకి పెంచారు. 2013 నవంబరులో పెద్ద ఎత్తున మందులు కలిపే సంస్థల మీద కొత్త చట్టం వచ్చింది.

ఈ కథలో టెక్నీషియన్ల గురించి ఆలోచించండి. గది కడగలేదని ముందు తెలిసేది అక్కడ పనిచేసేవాళ్లకే. 'కడిగినట్టు టిక్ పెట్టెయ్' అని పైనున్నవాళ్లు చెబితే కింద పనిచేసే మనిషి ఏం చేయాలి? ఉద్యోగం పోతుందని భయం ఉంటుంది. ఇంటి అద్దె, ఈఎంఐ గుర్తొస్తాయి. కానీ ఆ టిక్కు చివర ఎవరి వెన్నులోకో దిగే సూది ఉంది.

మంచి ఆస్పత్రి ఫార్మసీల్లో అందుకే ఒక మాట గట్టిగా నేర్పుతారు: అనుమానం వస్తే పారెయ్. సూది ఎక్కడో తగిలిందేమో అనిపించినా పారెయ్. వేసింది ఒక సీసానా రెండా అని గుర్తు రాకపోయినా పారెయ్. ఆ బ్యాగ్ వేల డాలర్ల ఖరీదైనా సరే, మళ్లీ కలుపు. అలా పారేసిన మనిషిని తిట్టని చోటే రోగి క్షేమంగా ఉంటాడు. తిడితే, రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

కలిపేవాళ్లకీ ముప్పే

కీమో మందులు క్యాన్సర్ కణాల్ని చంపుతాయి. మామూలు కణాల్నీ వదలవు. రోజూ వాటిని తాకితే, పీలిస్తే చర్మం మీద దద్దుర్లు రావొచ్చు, సంతాన సమస్యలు, గర్భస్రావం ప్రమాదం పెరగొచ్చు. అందుకే కీమో గది లెక్క తిరగబడుతుంది. మామూలు క్లీన్‌రూమ్‌లో గాలి లోపల్నుంచి బయటికి తోస్తుంది, మురికి లోపలికి రాకుండా. కీమో గదిలో గాలి బయట నుంచి లోపలికే లాగుతుంది, మందు ఆవిరి బయటికి పోకుండా. ఆ గాలిని ఫిల్టర్ చేసి భవనం బయటికి వదులుతారు. చేతికి రెండు జతల గ్లవ్స్, ద్రవం ఇంకని గౌను. గర్భిణులు, బిడ్డల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ముందే చెబితే వేరే పని ఇవ్వమని అడగొచ్చు.

మన దగ్గర ఎలా ఉంది?

మన తెలుగు రాష్ట్రాల్లో చాలా ఆస్పత్రుల్లో సెలైన్‌లో మందు కలిపేది వార్డులో నర్సే. పక్కన రోగులు, బంధువులు, పైన ఫ్యాన్. ఒక్కో నర్సు మీద ఎంతమంది రోగుల భారం ఉంటుందో చెప్పక్కర్లేదు. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో మాత్రం కీమో కలపడానికి ప్రత్యేక గది, బయోసేఫ్టీ క్యాబినెట్ ఉంటున్నాయి. తప్పు నర్సులది కాదు. ఈ పనికి వేరే చోటు, వేరే మనిషి కావాలన్న ఆలోచన ఇంకా అన్నిచోట్లా రాలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా కీమో జరుగుతుంటే 'మందు ఎక్కడ కలుపుతారండీ?' అని మర్యాదగా అడగొచ్చు. బ్యాగ్ మీద రోగి పేరు, మందు పేరు, డోసు, కలిపిన సమయం ఉన్నాయేమో చూడొచ్చు. తేటగా ఉండాల్సిన మందు మబ్బుగా ఉన్నా, నలుసులు తేలుతున్నా, బ్యాగ్ కారుతున్నా వెంటనే నర్సమ్మకి చెప్పండి. అలాగని రంగు చూసి కంగారు పడొద్దు. కొవ్వు ఉన్న ద్రావణాలు పాలలా ఉంటాయి. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎర్రగానే ఉంటుంది. మీ అంతట మీరు సెలైన్ ఆపే ప్రయత్నం మాత్రం చేయకండి.

ఈ ఉద్యోగం చేయాలనుందా?

• అమెరికాలో ఫార్మసీ టెక్నీషియన్‌కి సాధారణంగా హైస్కూల్ చదువు, ఆపైన శిక్షణ చాలు. చాలా రాష్ట్రాలు రిజిస్ట్రేషనో లైసెన్సో అడుగుతాయి.

• పీటీసీబీ అనే సంస్థ 1995 నుంచి సర్టిఫికెట్ ఇస్తోంది. స్టెరైల్ కాంపౌండింగ్‌కి ప్రత్యేకంగా 'సీఎస్‌పీటీ' పరీక్ష 2017లో మొదలైంది.

• 2023 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో ఫార్మసీ టెక్నీషియన్ల ఏడాది జీతం మధ్యస్థంగా 40,300 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే తక్కువే.

• డిగ్రీ అక్కర్లేని ఉద్యోగం కాబట్టి దీని మీద హెచ్1బీ వీసా రావడం చాలా కష్టం. 'టెక్నీషియన్‌గా పంపిస్తాం' అనే ఏజెంట్లతో జాగ్రత్త.

• ఇక్కడి నాలుగేళ్ల బి.ఫార్మసీతో అక్కడి ఫార్మసిస్టు పరీక్షకు దారి లేదు. 2003 నుంచి డిగ్రీ పొందినవాళ్లకి అయిదేళ్ల కోర్సు ఉండాలన్నది నిబంధన. ఆరేళ్ల ఫార్మ్‌.డి చేసినవాళ్లు ప్రయత్నించవచ్చు.

• ఇక్కడే చేయాలనుకుంటే క్యాన్సర్ ఆస్పత్రుల ఫార్మసీల్లో ఇంటర్న్‌షిప్ అడగండి. కీమో కలిపే గది ఉన్నచోట నేర్చుకుంటే విలువ ఎక్కువ.

జీతం కంటే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి. ఎవరూ చూడని గదిలో, ఎవరూ మెచ్చుకోని పనిలో, ఆలస్యమైందని పై నుంచి ఫోన్ మోగుతుండగా, చేతిలో ఉన్న బ్యాగ్ మీద కాస్త అనుమానం వచ్చింది. లేబుల్ అంటించి పంపేస్తే ఎవరికీ తెలీదు. 'ఇది పంపను, మళ్లీ కలుపుతాను' అనగలరా? అనగలిగితే ఈ పని మీకు సరిపోతుంది.